రవీందర్ ఎడమ కాలు

రవీందర్ బండి కదిలిస్తే లోపల కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. కావాలంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగులో ఏ క్యాబ్ డ్రైవర్‌నైనా అడగండి. ఒకసారి ఒక పెద్దావిడ నిండా పోసిన చాయ్ కప్పు పట్టుకుని వెనక సీట్లో ఎక్కింది. కాసేపయ్యాక, "ఇంకా ఎంతసేపు నిలబెడతావయ్యా, బయల్దేరు" అని కసిరింది. అప్పటికి బండి మెహదీపట్నం దాటేసింది. కప్పులో చాయ్ మీద మీగడ కూడా చెదరలేదు. మీగడ సంగతి నేను కొంచెం పెంచానేమో గానీ, మెహదీపట్నం మాత్రం నిజం.

ఆ గొప్పంతా వాడి ఎడమ కాలిది. క్లచ్ మీద నుంచి ఆ కాలు లేచే తీరు ఎలా ఉండేదంటే, నిద్రపోయిన పిల్లను చాప మీద పడుకోబెట్టి తల్లి తన చెయ్యి మెల్లగా లాక్కున్నట్టు ఉండేది. నేనూ డ్రైవర్‌నే. నా పేరు బిక్షం. నేను కదిలిస్తే వెనకవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటారు. అందుకే వాడంటే నాకు కుళ్లు, అంతకన్నా ఎక్కువ ప్రేమ.

పోయిన వానల్లో హిమాయత్ సాగర్ దగ్గర రోడ్డు పక్కన టైరు మారుస్తుంటే ఒక లారీ వాడి మీదికి ఒరిగింది. సరిగ్గా ఎడమ కాలే విరిగింది. దవాఖానలో రాడ్ వేశారు. కాలు బతికింది గానీ దాని బుద్ధి మారింది. నొక్కమంటే ఎద్దు తొక్కినట్టు నొక్కుతుంది. వదలమంటే ఠక్కున వదిలేస్తుంది. మధ్యలో నిలవమంటేనే నిలవదు. క్లచ్‌కు కావలసింది ఆ మధ్యనే కదా! నా బండిలో ఒకసారి కూర్చోబెట్టి చూశాను. బండి కప్పలాగా గెంతింది. డ్యాష్‌బోర్డు మీద ఉన్న వెంకన్న బొమ్మ నా ఒళ్లోకి వచ్చి కూర్చుంది. రవీందర్ దిగిపోయాడు. అప్పటి నుంచి పార్కింగులో అందరి బండ్ల అద్దాలు తుడుస్తూ తిరుగుతున్నాడు.

అలాంటి రోజుల్లో కొండల్ కొత్త బండి కొన్నాడు. కొండల్‌కు ట్రావెల్స్ ఉంది, ఎయిర్‌పోర్టు పక్క హోటళ్లకు బండ్లు నడుపుతాడు. కొత్త బండి ఆటోమేటిక్. క్లచ్ అనేదే లేదు. ఆ మాట వినగానే నేను రవీందర్ చేతిలో గుడ్డ లాగి పారేసి, వాణ్ణి కొండల్ ఆఫీసుకు లాక్కుపోయాను.

కొండల్ పాన్ నములుతూ విన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ లారీలు తోలిన పాతకాలం డ్రైవరు.

"అరేయ్ బిక్షం, డ్రైవర్‌కు పానమంత ఎడమ కాలుల ఉంటది. కుడి కాలుది ఏముంది, ఎవడైన తొక్కుతడు. ఎడమ కాలు సక్కగ లేనోన్ని డ్రైవర్ అని ఎట్ల అంటర్రా?"

"అన్నా, ఈ బండిల ఎడమ కాలుకు పనే లేదు గద!"

"పని లేకున్న కాలు ఉండాలె. తుపాకి వాడకున్న పోలీసోని నడుముకు ఉండదా? గట్ల."

రవీందర్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆ సమయంలో ఆఫీసులో ఫణి గారు ఉన్నారు. వాళ్లది రాజమండ్రి వైపు, ఇక్కడ గోడౌన్ వ్యాపారం. ఎన్నో ఏళ్లు రవీందర్ బండిలోనే తిరిగిన మనిషి. దవాఖానకు కూడా వచ్చి చూసి వెళ్లారు.

"కొండల్ గారూ, ఎడమ కాలు పని చేస్తుందని చూపిస్తే బండి ఇస్తారా?" అన్నారాయన.

"ఇస్త సార్. నా కండ్లతోని నేను చూడాలె. చూసినంక ఇగ కిరికిరి లేదు. చూడకుంటే మాత్రం మల్ల నన్ను అడుగొద్దు."

"అయితే ఆదివారం పొద్దున్నే మంఖాల్ దగ్గరికి రండి. మా ఫ్రెండ్ వెంచర్ ఉంది. నా కారు తెస్తాను."

ఫణి గారి కారు గురించి చెప్పాలి. ఎర్రగా, పొట్టిగా, అటుకుల డబ్బాలాగా ఉంటుంది. హాట్ హ్యాచ్ అంటారట. పైకి కూరగాయలకు పోయే కారు, లోపల మాత్రం నాలుగు దున్నపోతుల కోపం. అదీ ఆటోమేటికే. నిలబడ్డ చోటు నుంచి ఎవరు ముందు ఉరుకుతారని ఆయనా స్నేహితులూ ఆదివారాలు పోటీ పెట్టుకుంటారు. రోడ్డు మీద కాదు, ఆ వెంచర్ లోపల, గేటు వేసుకుని. ప్లాట్లు ఇంకా అమ్ముడు కాలేదు. తెల్ల రాళ్లు పాతి ఉంటాయి. మధ్యలో సిమెంటు రోడ్డు ఒకటి నేరుగా నీళ్ల ట్యాంకు దాకా పోతుంది, అద్దంలాగా నున్నగా.

ఆదివారం నా బండిలో రవీందర్‌నూ, వాళ్లమ్మ భారతమ్మనూ తీసుకుని పోయాను. భారతమ్మను మేము రమ్మనలేదు. కొంగులో ఏవో కట్టుకుని, వాకిట్లో వచ్చి నిలబడింది. దారి పొడుగునా నోరు తెరవలేదు. భారతమ్మ నోరు తెరవకపోతే శంషాబాద్‌లో కరెంటు పోయినంత తేడా తెలుస్తుంది. దాని గురించి నేను అప్పుడే ఆలోచించాల్సింది.

ఫణి గారు రవీందర్‌ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుని మొదలుపెట్టారు. కొండల్ కిటికీలోకి తల పెట్టాడు. వాడి భుజం పక్క నుంచి నేను.

"చూడండి రవీందర్. మామూలుగా ఆటోమేటిక్‌లో ఎడమ కాలు వాడకూడదు. ఈ ఒక్క పనికే వాడతాం. ముందు ఈ స్పోర్ట్ బటన్ నొక్కాలి. స్టీరింగ్ నేరుగా ఉండాలి. ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కి పట్టండి. ఎంత గట్టిగా అంటే అంత. ఇప్పుడు కుడి కాలితో యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి."

"రెండు ఒక్కసారె తొక్కుతె బండి ఖరాబ్ గాదా సార్?"

"కాదు, ఈ బండికి ఆ సంగతి తెలుసు. ఇంజన్ ఒక చోటికి లేచి ఆగి, రెడీగా ఉంటుంది. ఎక్కువసేపు పట్టి ఉంచితే మాత్రం గేర్‌బాక్స్ వేడెక్కుతుంది. అందుకని వెంటనే ఎడమ కాలు తీసెయ్యాలి. ఠక్కున. మెల్లగా తీశారో, మొత్తం పాడవుతుంది."

రవీందర్ ఆయన వైపు తిరిగాడు. "మల్ల చెప్పుండ్రి సార్. మెల్లగ తియ్యొద్దా?"

"అస్సలు వద్దు. నాకు కుదరంది అదే. మా నాన్నగారి పాత కారు మీద నేర్చుకున్నాను కదా, క్లచ్ వదిలినట్టు కాలు దానంతటదే మెల్లగా లేస్తుంది. మా వాళ్లు నన్ను ఎద్దుబండి అని పిలుస్తారు."

రవీందర్ నా వైపు చూశాడు. ఆరు నెలలుగా అందరూ వాడికి ఒకే మాట చెప్పారు, మెల్లగా తియ్యి, మెల్లగా తియ్యి అని. డాక్టరూ చెప్పాడు, నేనూ చెప్పాను. ఠక్కున తియ్యమన్నవాడు ఇన్నాళ్లకు ఒకడు దొరికాడు.

అప్పుడు భారతమ్మ కొంగు ముడి విప్పింది. నిమ్మకాయలు. పసుపు, కుంకుమ పెట్టి తెచ్చింది.

"జర ఆగుండ్రి" అని, వంగి ముందు చక్రాల కింద చెరొకటి పెట్టింది.

"అమ్మా, ఇది కొత్త బండి గాదు" అన్నాడు రవీందర్.

"నీకు కొత్తదే గద. సప్పుడు చెయ్యకు."

ఎవరూ వద్దనలేదు. కొండల్ చెప్పులు విడిచి దండం పెట్టాడు. వాడు తన ప్రతి బండికీ నిమ్మకాయలు తొక్కించాకే గేటు దాటనిస్తాడు. ఫణి గారు కూడా, "మేమూ ఈ కారుకి పెట్టాం, మంచిదే" అన్నారు. నేను ఏకంగా కొబ్బరికాయ తేలేదే అని బాధపడ్డాను. అంతమంది డ్రైవర్లం ఉండి, ఒక్కడికీ బుర్ర వెలగలేదు.

మేము పక్కకు జరిగాం. రవీందర్ ఎడమ కాలు నొక్కాడు. కుడి కాలు నొక్కాడు. కారు ఒళ్లంతా వణికించుకుంటూ గుర్రుమంది. ప్లాట్ల రాళ్ల మీద కాకులు లేచిపోయాయి. ఎడమ కాలు వదిలాడు.

చక్రాలు తిరిగాయి. ఎంత తిరిగాయంటే, అవి తిరిగిన తిరుగుడికి కారు ఈపాటికి కర్నూలులో ఉండాలి. కానీ కారు ఉన్నచోటే ఉంది. ముక్కు అటూ ఇటూ ఊపింది, కీచుమని ఏడ్చింది, పొగ కక్కింది. తర్వాత దానికదే గొంతు తగ్గించుకుని, మోకాళ్ల నొప్పులున్న ముసలాయనలాగా ముందుకు నడుచుకుంటూ పోయింది.

"నేను చెప్పలె?" అన్నాడు కొండల్. ఆ మాట సంతోషంగా అనలేదు. పాన్ ఉమ్మేసి, తన బండి వైపు తిరిగాడు.

రవీందర్ కారు ఆపి అందులోనే కూర్చున్నాడు. రెండు చేతులతో ఎడమ మోకాలు పట్టుకుని ఉన్నాడు. నేను తలుపు తీశాను.

"నా కాలే బిక్షం. ఇది ఇగ కాలు గాదు."

"మీరు ఠక్కునే తీశారు రవీందర్, నేను చూశాను" అంటున్నారు ఫణి గారు. "ఎందుకు జారిందో నాకూ అర్థం కావట్లేదు."

వెనక నుంచి భారతమ్మ కేక వినిపించింది. "కొండలూ! నిలవడు!"

ఆమె కారు నిలబడ్డ చోట సిమెంటు మీద కూర్చుని ఉంది. చెంప మీద నిమ్మగింజ ఒకటి అంటుకుని ఉంది. చీర నిండా తొక్కల ముక్కలు. నేల మీద వేలు రాసి వాసన చూసి, ఆ వేలు కొండల్ ముక్కు కింద పెట్టింది.

"చూడు. నా కొడుకు కాలు జారలె. నా నిమ్మకాయలు జారినయి."

ఫణి గారు నుదురు కొట్టుకున్నారు. "ఈ బండిని లాగేది ముందు చక్రాలేనమ్మా! వాటి కిందే రసం పోశాం. నాకు తట్టనేలేదు!"

"నీకెందుకు తడుతది సారు" అంది భారతమ్మ. "మైసమ్మ మీ అందరి బుద్ధిని పక్కకు వెట్టింది. నేనే పెట్టుమన్న."

అందరం ఆమె వైపు చూశాం.

"పొద్దుగాల ఏమని మొక్కిన్నో ఎరుకేనా? తల్లీ, ఆ బండి నిలవడ్డ కాడికెల్లి ఇసుమంత కదలొద్దు అని మొక్కిన."

కొండల్ ముక్కు తుడుచుకున్నాడు. "మైసమ్మ మస్తు పని చేసింది గదనే అత్తా" అన్నాడు మెల్లగా.

రవీందర్ కుంటుతూ వచ్చాడు. "అమ్మా! గిదేంది? నువ్వే గిట్ల మొక్కుతవా?"

"మొక్కుత. ఎందుకు మొక్కొద్దు? దవాఖానల నీ మంచం కింద పండుకున్నది నేను. రాత్రంత నువ్వు మూలుగుతుంటె గా మూలుగు పైకెల్లి నా మీద పడ్డట్టుండె. మల్ల బండెక్కుతనంటివి. నా కొడుకు ఏడికి పోకుంటె సాలు, కండ్ల ముంగట కూసుంటె సాలు అనుకున్న. తప్పా?"

"తప్పు గాదమ్మా. గని నేను కూసుంటలేను. పార్కింగుల మంది అద్దాలు తుడుస్తున్న. నా పేరు ఏమైందో తెలుసా నీకు? ఎవ్వడు రవీందర్ అంటలేడు. ఓ కుంటోడా, గీ బండి తుడువు అంటున్నరు. ఇంటికొచ్చి నీ ముంగట కూసునేది నేను గాదమ్మా. గా కుంటోడు."

భారతమ్మకు ఈ సంగతి తెలియదు. వాడు ఇంట్లో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆమె కాసేపు కొడుకు మొహం చూసి, తర్వాత మాలో ప్రతి ఒక్కరి మొహం చూసింది, ఆ మాట అన్నవాడు ఇక్కడ ఉంటే పళ్లు రాలగొడదామన్నట్టు. నాకు సంబంధం లేకపోయినా నేను రెండడుగులు వెనక్కి వేశాను.

చెంప మీద గింజ తుడుచుకుని ఆమె లేచింది. కొంగులో ఇంకా రెండు నిమ్మకాయలు ఉన్నాయి.

"సారూ, ముంగట పెట్టొద్దు గద. ఎనక చక్రాల కింద పెడితె నడుస్తదా?"

"నడుస్తుందమ్మా. అవి ఊరికే వెంట వచ్చే చక్రాలు. పెట్టండి."

ముందు మేము టైర్లకు నీళ్లు పోసి, నా బండిలోని గుడ్డతో తుడిచాం. రవీందర్ కూడా వంగబోతే కొండల్ అడ్డుకుని, "నువ్వు ఉండు, నువ్వు తోలెటోనివి" అని గుడ్డ తానే తీసుకున్నాడు. కారును తడి లేని చోటికి జరిపి నిలబెట్టాం. భారతమ్మ వెనక చక్రాల దగ్గర నిమ్మకాయలు పెట్టి, వాళ్ల మైసమ్మ గుడి ఉన్న ఎయిర్‌పోర్టు వైపు తిరిగి గట్టిగానే మొక్కింది, మాకు వినబడాలనేమో.

"తల్లీ, పొద్దుగాల చెప్పింది రద్దు. బండిని పోనియ్యి. పోయిన కాడ మంచిగ ఆపు. గంతే."

"ఈసారి నేను లోపల కూసుంట" అన్నాడు కొండల్. "కాలు దగ్గరికెల్లి చూడాలె. మల్ల నిమ్మకాయ, కొబ్బరికాయ అని చెప్తె ఇనను."

ఆ కారు వెనక సీటు రెండు మేకపిల్లలకు సరిపోతుంది. కొండల్ అందులోకి దిగాక మేకపిల్లకు కూడా చోటు మిగల్లేదు. అయినా నేను దూరాను. ఇంత చూసి ఇప్పుడు బయట నిలబడతానా? కొండల్ ముందు సీట్ల మధ్య నుంచి మెడ చాచి, రవీందర్ ఎడమ కాలి మీద చూపు పెట్టాడు. ఫణి గారు బెల్టులు పెట్టుకోమన్నారు.

"స్పోర్ట్ నొక్కారా? స్టీరింగ్ నేరుగా ఉందా? మీ ఇష్టం రవీందర్."

ఎడమ కాలు బ్రేకు మీద పడింది. అది ఎలా నొక్కిందో నాకు సీటు గుండా తెలిసింది. ఇనుప రాడ్ నొక్కిన నొక్కుడు అది. కుడి కాలు కిందికి పోయింది. ఇంజన్ లేచి, ఒక చోట ఆగి, మెడకు తాడు కట్టిన దున్నలాగా గుంజుకుంటోంది.

ఎడమ కాలు వదిలేసింది. మధ్య లేదు, మెల్లగా లేదు. ఠక్.

తర్వాత ఏం జరిగిందో నేను చెప్పేది మీరు నమ్మాలి. నా ఒళ్లు ముందు పోయింది, ప్రాణం వెనక భారతమ్మ దగ్గరే నిలబడి, నీళ్ల ట్యాంకు దగ్గరికి వచ్చాక నన్ను కలిసింది. పైన దిగుతున్న విమానం మాకు వెనక్కి పోతున్నట్టు కనబడింది. ప్లాట్ల రాళ్లన్నీ కలిసి తెల్ల గోడ అయిపోయాయి. ఫణి గారు, "అదీ! అదీ! అదీ!" అని అరుస్తున్నారు. కొండల్ నోట్లో కొత్తగా వేసుకున్న పాన్ ఉన్నది ఉన్నట్టు కడుపులోకి పోయింది.

ట్యాంకు దగ్గరికి వచ్చేస్తోంది. నేను కాళ్లు బిగబట్టుకున్నాను. రవీందర్ కుడి కాలు ఇటు తీసి అటు పెట్టాడు, బ్రేకు మీద. అప్పుడు కారులోకి పాత రవీందర్ వచ్చి కూర్చున్నాడు. అంత వేగంలో ఉన్న కారు అలిసిపోయిన పిల్లలాగా తగ్గుతూ, తగ్గుతూ, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. నా తల ముందుకు ఊగను కూడా లేదు.

"ఆగింది" అన్నారు ఫణి గారు. రవీందర్ వెనక్కి తిరిగాడు. వాడి మొహమంతా చెమట.

"కాలు చూసినవా అన్నా?"

"యాడ చూసిన్రా!" అన్నాడు కొండల్. "నువ్వు ఇడవంగనే నేను కండ్లు మూసుకున్న!"

"అయ్యో! అయితే మల్ల ఒకసారి..."

"వద్దురో, నీకు దండం పెడ్త! నన్ను దింపు. నా పెండ్లాం మంచిది, నా పిల్లలు చిన్నోళ్లు." వాళ్ల పెద్దవాడికి పోయినేడే పెళ్లయింది. బెల్టు విప్పుకోవడం చేతకాక దాన్ని గుంజుతూనే కొండల్ అన్నాడు, "కండ్లు మూసుకుని ఉన్న గద, బండి ఆగిందని నాకు సార్ చెప్తె తెలిసింది. గట్ల ఆపెటోని ఏ కాలు చూడాల్రా నేను?"

జేబులోంచి తాళం తీసి ముందు సీటు మీదికి విసిరాడు.

"ఒక్క షరతు. నా బండిల ఆ ఎడమ కాలు ముంగటికి రావొద్దు. సీటు కిందికి మడుసుకుని కూసో. అది వచ్చిందనుకో, నా బండి మంఖాల్ల మాయమై శ్రీశైలంల తేలుతది."

ఫణి గారు మాత్రం అప్పటికే దిగి కారు చుట్టూ తిరుగుతూ ఫోన్‌లో స్నేహితులకు చెప్పుకుంటున్నారు, ఆ స్టార్ట్ తనే తీసినంత సంబరంగా. రవీందర్ తాళం తీసుకోలేదు. దాని వైపు చూస్తూనే ఉన్నాడు. చివరికి నేనే తీసి వాడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాను.

కొత్త బండిని కొండల్ అక్కడికే తెచ్చాడు. బుద్ధిలో ఎక్కడో ఇద్దామనే ఉండి ఉంటుంది, మనిషి ఒప్పుకోడు గానీ. "మీ అమ్మను ఇంటికాడ దింపు, రేపటికెల్లి ఎయిర్‌పోర్టు" అన్నాడు. నా బండిని అక్కడే వదిలి నేను రవీందర్ పక్కన ఎక్కాను. భారతమ్మ వెనక కూర్చుంది. రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని, గట్టిగా కళ్లు మూసుకుని, పెదాలు కదిలిస్తోంది.

రవీందర్ ఎడమ కాలు సీటు కిందికి మడిచాడు. కుడి కాలు బ్రేకు మీద పెట్టాడు. ఆటోమేటిక్ బండి బ్రేకు వదిలితే చాలు, దానంతటదే పాకుతుంది. ఆ కాలు ఎలా లేచిందో నేను పక్కనుండి చూశాను. నిద్రపోయిన పిల్ల, చాప, తల్లి చెయ్యి. ఎడమ కాలు మరిచిపోయిన పనిని కుడి కాలు ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

గేటు దాటాం. శ్రీశైలం రోడ్డు ఎక్కాం. పైన విమానాలు పోతున్నాయి. మాట్లాడితే ఏదో చెదిరిపోతుందనిపించింది. శంషాబాద్ వచ్చింది, బస్టాండు పోయింది, వాళ్ల గల్లీ మలుపు తిరిగింది.

వెనక నుంచి భారతమ్మ కళ్లు తెరవకుండానే కసిరింది. "ఏందిరా, ఇంకెంతసేపు? నా మొక్కుడు అయిపోయింది. ఇగ కదిలియ్యి!"

రవీందర్ అద్దంలో ఆమెను చూశాడు.

"ఇల్లొచ్చిందమ్మా. దిగు."